పడవలు సముద్రంలో ఉండగా

మాది నర్సీపట్నమే అయినా, నాన్న ఇక్కడ చేపల దుకాణం పెట్టకముందు మావాళ్లంతా నక్కపల్లి దిగువన సముద్రం మీద బతికినవాళ్లే. మేనత్త ఇప్పటికీ అక్కడే ఉంది. అందుకే, మనుషులు చేసే పనులవల్ల తీరానికి ఎంత ముప్పో తేల్చే సర్వేలో నన్నూ వేసుకున్నారు. ఫ్యాక్టరీ నీళ్లు కడలిలోకి వదిలే గొట్టం పక్కన ఇంకోటి వెయ్యాలా వద్దా అన్నది ఆ రిపోర్టు చూసే నిర్ణయిస్తారట.

పొద్దున్నే ఆడవాళ్లను ఇసుకలో కూర్చోబెట్టి అడిగాం. గొట్టంవల్ల ఇబ్బందుందా? "ఏటీ నేదు." చేపలు తగ్గాయా? "తల్లి సల్లగా సూత్తంది." నాకు ఒళ్లు మండింది. చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయని మొన్ననే కదా మా అత్త ఫోన్లో ఏడ్చింది! సర్వే నడిపే మా సారేమో ముప్పు తక్కువని రాసుకుంటూ పోతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. మగవాళ్లు వేటకెళ్లి ఉండగా గంగమ్మ గురించి, అంటే సముద్రం గురించి, ఒక్క చెడ్డమాట అనరు. ఆ తల్లికి ఒంట్లో బాగోలేదన్నా తిట్టినట్టే, వెళ్లినవాళ్లు తిరిగిరారని నమ్మకం. సారుకు ఆ సంగతి చెప్పి, పడవలు వచ్చేదాకా ఆగుదామని బతిమాలాను. "సాయంత్రం దాకానే" అన్నారు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. ఒక్కొక్క పడవే వచ్చింది. మావయ్యది రాలేదు. అది కూడా వస్తేగాని ఎవరూ నోరు విప్పరు. సాయంత్రమైంది, మేమొచ్చిన జీపు హారన్ కొడుతోంది. నేను సముద్రంకేసే చూస్తున్నాను, మావయ్య కోసమో రిపోర్టు కోసమో నాకే తెలియలేదు.

అత్త లేచి వచ్చింది. "రాసుకోయే. గొట్టం కాడ నీళ్లు తగిల్తే కాళ్లు మండిపోతన్నాయి. వలనిండా సచ్చిన సేపలే. తల్లి సచ్చిపోతంది."

"ఓలమ్మో, నీ మొగుడింకా నీళ్లమీదే ఉన్నాడే!" అంటూ పక్కావిడ ఆమె నోరు మూయబోయింది.

"బేగి రాసుకో" అంది అత్త. మిగతావాళ్లు తలొంచుకున్నారు.

ఒక్కరు చెప్పినా చాలు, నీళ్లు పరీక్ష చేయించమని రాస్తానన్నారు సారు.

ఆ మాటలు కంప్యూటర్లో ఎక్కించి పంపడం నా పని. మావయ్య రాకముందే జీపెక్కాల్సొచ్చింది, ఇంటికొచ్చి కూర్చున్నాను. అత్త ఫోన్ ఎత్తడం లేదు. ఇలాంటివి నేను నమ్మను, చదువుకున్నదాన్ని. అయినా ఒకటే భయం. ఈ నాలుగు మాటలూ చెరిపేస్తే మావయ్య వచ్చేస్తాడేమో! ఛీ, ఏం ఆలోచన ఇది? వేలు మాత్రం డిలీట్ మీదే ఉంది.

ఫోన్ మోగింది. ఎత్తాను.

"మీ మావయ్య వచ్చీసినాడే" అని అత్త భోరుమంది. తర్వాత భయంభయంగా అడిగింది. "నాను సెప్పింది తీసీలేదు గదా?"

"లేదత్తా" అంటూ వేలు వెనక్కి తీసుకున్నాను.