చేతులు ఎనక్కి కట్టుకునే నర్సమ్మ

అంచెట్టి పక్క కొండ మీదుండే మా ఊరికి వచ్చే ఆ నర్సమ్మకి ఒక అలవాటు ఉండె. కడుపుతో ఉండే ఆడబిడ్డలకి ఫోనులో నెలల లెక్క చెప్పే యాప్ నేర్పేటప్పుడు, తన చేతులు రెండూ ఎనక్కి కట్టుకొనేది. "నువ్వే నొక్కమ్మా" అనేది. బిడ్డ తప్పు నొక్కినా ఆయమ్మ చెయ్యి ముందుకి రాదు.

మా కోడలు కూర్చున్న దినం, కడసారి బయట చేరిన తేదీ ఏదని ఫోను అడిగె. కోడలు నోరు తెరిచేలోగా నేనే చెప్పేసినా, కడుపు ఒక నెల తక్కువ అగుపించేట్టు. మా పక్క అంతే, నిజం నెల బయట పెడితే దిష్టి అంటారు. కోడలు నా మొగం చూసి, తల వంచుకొని అదే నొక్కింది.

కొన్ని నెలలకి నర్సమ్మ టేపుతో కడుపు కొలిచి, ఫోను చూసింది.

"ఫోను ఎనిమిదో నెల అంటాది, కడుపు తొమ్మిది అంటాది. ఎవరిది అబద్ధమమ్మా?"

"నాది తల్లీ. దిష్టి తగుల్తాదని చెప్పినా."

"దిష్టి పెట్టేంత తీరిక ఫోనుకి యాడుందమ్మా?" అని నవ్వేసింది.

కోడలే తేదీ మార్చింది. కానుపుకి ఇంక పది దినాలే అని వచ్చె. మా ఊరికి దినానికి రెండే బస్సులు. నా మాట నమ్ముకొని ఉంటే ఆ బిడ్డకి నొప్పులు కొండ మీదే వచ్చుండేవి.

మర్నాడే కిందికి పోయినాము. మనమరాలు ఆస్పత్రిలో పుట్టింది.

ఆ నర్సమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టింటే నేనూ తిట్టుకొని, ఎప్పుడో మర్చిపోయుందును.