హరిదాస్ అంకుల్ జాంబియా బ్యాండు

హరిదాస్ అంకుల్‌కి ఒకటే జబ్బు. మనిషి దొరికితే చాలు, జాంబియా పాట వినిపిస్తారు. డెబ్బైల్లో అక్కడి రాగి గనుల ఊళ్ల కుర్రాళ్లు ఐదుగురు ‘కాపర్ థండర్’ అని బ్యాండు పెట్టి, తల తిరిగిపోయే రాక్ వాయించారట. సింగపూర్‌లోని జూరాంగ్‌లో ఓడలు బాగుచేసే రోజుల్లో ఒక నావికుడు ఆయనకి ఆ రికార్డు ఇచ్చాడు. అంతే, మలేషియాలో పుట్టిన మన తెలుగాయన మనసు ఆఫ్రికాలో స్థిరపడింది.

హౌగాంగ్ పేటలో మా ఫ్లాట్ల లిఫ్టు దగ్గర ఆయన కనిపిస్తే జనం మెట్లెక్కేవారు.

“మేనకా, మకాన్ అయిందా? తిన్నావా?”

“అయింది అంకుల్.”

“అయితే రా, ఒక్క పాట!”

“అబ్బే, కాలేదు అంకుల్.”

“అయితే రా, తింటూ విందువు!”

అమ్మ పోయాక నా ఫ్లాట్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. అందుకని వెళ్లేదాన్ని. అక్కడ పక్కింటి వెంకమ్మ ఆంటీ సోఫాలో కునుకుతూ, సైన్స్ పార్క్‌లో పనిచేసే వివేక్ అన్నం కలుపుకుంటూ కనిపించేవారు. పాట మాత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు.

పోయినేడు ఆ బ్యాండు మళ్లీ లేచింది. ఐదుగురిలో మిగిలిన ఒక్కడు, గాయకుడు చిలేషె, డెబ్బై దాటిన వయసులో కుర్రవాళ్లను కూడగట్టుకుని సింగపూర్ వచ్చాడు. అంకుల్ మా ముగ్గురినీ ముందు వరుసలో కూర్చోబెట్టారు. పాట మధ్యలో చిలేషె అలవాటుగా ఎడమకి తిరిగాడు. పోయిన స్నేహితుడు నిలబడే చోట ఎవరో కుర్రాడు. ముసలాయన గొంతు ఆగిపోయింది. కింద నుంచి అంకుల్ కాకిగొంతుతో అందుకున్నారు. చిలేషె నవ్వేసి పాట పూర్తిచేశాడు.

తర్వాత అందరూ సంతకాలు అడుగుతుంటే అంకుల్ అడిగింది వేరు. “యూ ఈట్ అలోన్, ఆ? టుమారో కమ్ మై హౌస్ లా!”

రైల్లో వివేక్ ఉండబట్టలేక అడిగాడు. “అంకుల్, మా పక్కవాళ్లు మిమ్మల్ని చూసి పారిపోతారు గానీ, వాళ్లని మీరు ఒక్కసారైనా పిలిచారా?”

“వాళ్లింట్లో ఆరుగురున్నారు కదప్పా. వాళ్లకెందుకు పాట?”

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. మావి మూడూ ఒంటరి ఫ్లాట్లే.

మర్నాడు చిలేషె వచ్చాడు. రికార్డు చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు. మిత్రులు పోయాక ఒక్కడే వినలేక దాన్ని వినడమే మానేశాడట.

“అలోన్ వేర్? సో మెనీ పీపుల్ లా!” అంటూ అంకుల్ సూది దించారు.

చిలేషె కళ్లు మూసుకుని విన్నాడు. కచేరీలో కూడా హాయిగా నిద్రపోయిన వెంకమ్మ ఆంటీ పప్పు వడ్డిస్తూ, “పాడేవాడెవడో గానీ, పాపం, జలుబు చేసినట్టుందే!” అంది.

వివేక్ భయపడుతూనే ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. చిలేషె పడీ పడీ నవ్వాడు. ఆ పాట రికార్డు చేసిన రోజు తనకి నిజంగానే జలుబట. ఇన్నేళ్లలో కనిపెట్టింది ఈవిడొక్కతేనట!