నెట్టి చూడమ్మా

వాడలో అందరికీ ఆయన తలుపుల మామ. వడ్రంగంలో మిగతా పనులన్నీ వదిలేసి తలుపులూ గడియలే పట్టుకున్నాడు. గడియ బిగించాక ఇంటివాళ్లను ఒకవైపు నిలబెట్టి, "ఒకసారి నెట్టి చూడమ్మా" అనడం ఆయన అలవాటు. నెట్టినా కదలకపోతేనే సామాను సర్దుకునేవాడు.

మేడ మీది కోడలు పిలిపించి, పడకగది పక్కనున్న చిన్న గదికి లోపలివైపు గడియ కావాలంది. ఎందుకని ఆయన అడగలేదు. మెడ మీద కమిలిన మచ్చ చూశాక అడగాల్సిన పనీ లేదు. ఆమె లోపల గడియ వేసుకుంటే, బయటినుంచి తనే భుజం ఆనించి నెట్టాడు.

"కదల్లేదు మామా," అంది లోపలినుంచి. ఆ గొంతులో నవ్వుంది.

కానీ తలుపు పల్చటి చెక్క. పొడుగు మరలు అవతలికి తేలతాయని పొట్టివే వేశాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఒక రాత్రి ఆ గడియ ఊడింది. ఆ చప్పుడు వాడంతా విన్నది. విన్నవాళ్లు టీవీ సౌండు పెంచుకున్నారు.

తెల్లారి కుళాయి దగ్గర కింది వాటా ముసలమ్మ, "సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు. మొగుడు కోప్పడితే తలుపేసుకుంటుందా ఎవత్తైనా? మా ఆయన కొట్టిన దెబ్బలకి నేను పోయానా?" అంది.

"ఆయనే పోయాడుగా అత్తా," అన్నదో పక్కింటి పిల్ల. అందరూ నవ్వారు. బిందె పట్టుకోవడానికొచ్చిన మామ కూడా నవ్వాడు.

మధ్యాహ్నం మేడ మీది మొగుడు కబురు పెట్టాడు. పెద్దవాళ్ల దగ్గర గొంతు పెంచని మనిషి.

"కొత్తది కొనొద్దు మామా. ఊడినదాన్నే ఇటువైపు బిగించు."

ఇటువైపంటే బయటివైపు.

"చిన్న గదికి బయట గడియెందుకు బాబూ?"

"అలిగి లోపల కూర్చుంటోందిగా. కూర్చోనీ."

కాదంటే సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోవచ్చు. దిగితే సందు చివరి వడ్రంగి ఎక్కుతాడు. "ఆలుమగల మధ్య దూరకు. మనమూ ఈ వాడలోనే బతకాలి," అని పొద్దున భార్య అన్న మాట చెవిలోనే ఉంది. గది లోపల గోడకానుకుని ఆమె ఆయన చేతులకేసే చూస్తోంది.

ఈసారి అవతలివైపు చెక్కముక్క ఆనించి పొడుగు మరలే దింపాడు. ఆ ఉపాయం మొదటిసారే తట్టి ఉండాల్సింది.

తలుపు మూసి గడియ పెట్టాడు. నోరు దాని అలవాటున అది అనేసింది.

"ఒకసారి నెట్టి చూడమ్మా."

లోపలినుంచి తలుపు మీద అరచేయి ఆనిన చప్పుడు. తలుపు కదల్లేదు.

"గట్టి పనివాడివి మామా," అన్నాడు మొగుడు.

మామ సామాను సర్దుకున్నాడు. ఆఖరి మెట్టు దిగేదాకా చెవి పైనే ఉంచాడు. గడియ తీసిన చప్పుడు వినిపించలేదు.