వదిన మీద కేకేసిన శనివారం

మా కోచ్ జర్మనీ మనిషి. ఒకప్పుడు అక్కడ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడినవాడు, మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్. మోకాలు పాడయ్యే రోజుల్లో అమెరికా వచ్చి కొన్నాళ్లు ఆడి, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని మేముండే ఈ కాపెల్ ఊళ్లోనే ఉండిపోయాడు. ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుతాడు. పిల్లల ప్రాక్టీస్ అయ్యేదాకా కార్లలో కూర్చుని ఫోన్లు చూసుకునే తల్లులను చూసి ఆయనకు ఒళ్లు మండింది. దిగి రండి, మీకూ ఒక టీమ్ పెడతానన్నాడు.

నాకు పిల్లలు లేరు. కానీ అనంతపురంలో స్కూల్ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేదాన్నని మా వదిన దగ్గర నోరు జారాను. వదినంటే మా ఆయనకు అక్క, ఆవిడ పిల్లలు ఈ కోచ్ దగ్గరే ఆడతారు. మరుసటి శనివారమే నన్ను లాక్కెళ్లింది. ఇక్కడి తెలుగువాళ్లకు ఆవిడ పెద్ద దిక్కు. ఎవరింట్లో ఫంక్షన్ అయినా వంటలు ఖాయం చేసేది ఆవిడే. కొత్తగా వచ్చిన నాకు పక్క సీట్లో కూర్చుని, అరిచి మరీ హైవే మీద డ్రైవింగ్ నేర్పింది కూడా ఆవిడే. ఆవిడ మాటకు నేను ఎదురు చెప్పి ఎరుగను. భయమా గౌరవమా అంటే, రెండూను.

టీమ్‌లో అందరికన్నా చిన్నదాన్ని నేనే. అయినా కోచ్ నన్ను మధ్యలో పెట్టాడు, వదినను నా వెనక డిఫెన్స్‌లో పెట్టాడు. మొదటి మ్యాచ్‌లో అవతలి టీమ్ అమ్మాయి ఒకతె వదిన వెనక ఖాళీలోకి పరుగెత్తడం చూశాను. కేక నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. అంతమందిలో వదినకు నేను పని పురమాయించడమా? ఈలోగా గోల్ పడింది. అందరూ వదిన వైపు చూశారు. వదిన నేల చూపులు చూసింది.

ఆట అయ్యాక కోచ్ నన్ను పక్కకు పిలిచి, ఆ అమ్మాయిని చూశావా అని అడిగాడు. చూశానన్నాను. మరి చెప్పలేదేం అన్నాడు. మా ఇళ్లలో పెద్దవాళ్లకు మేం ఆర్డర్లు వేయం అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తన సంగతి చెప్పాడు.

పంతొమ్మిదేళ్లకే ఒక పెద్ద క్లబ్‌లో ఆడే అవకాశం వచ్చిందట. డిఫెన్స్‌లో ఆడే కెప్టెన్ అంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ ప్రాణం, అతని పోస్టర్ గదిలో గోడకు ఉండేదట. ఆ కెప్టెన్ వెనక అవతలి టీమ్ మనిషి దూరడం చూసి కూడా నోరు పెగల్లేదట. మ్యాచ్ ఓడిపోయారు. తర్వాత ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టారు, ఆపైన కింది డివిజన్ క్లబ్‌కు పంపేశారు. చిన్న చిన్న ఊళ్లు, వానలో ఆటలు, గంటల తరబడి బస్సు ప్రయాణాలు. అక్కడే గొంతు విప్పడం నేర్చుకుని కెప్టెన్ అయ్యాడు. కానీ పెద్ద క్లబ్ మళ్లీ పిలవలేదు.

"నా కాళ్లు మొదటి రోజునే సిద్ధంగా ఉన్నాయి. నోరే ఆలస్యమైంది," అన్నాడు. "వచ్చే శనివారం నీ గొంతు వినపడకపోతే నిన్ను పక్కకు మారుస్తాను."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఈ దేశంలో నా వీసా మా ఆయన వల్ల వచ్చింది. స్నేహితులు వదిన వల్ల వచ్చారు. మైదానం మధ్యలో ఆ చోటు ఒక్కటే నా కాళ్లతో నేను సంపాదించుకున్నది. చచ్చినా వదలకూడదనుకున్నాను.

ఆ వారమంతా సాధన చేశాను. మిక్సీ వేసి ఆ మోతలో కేకలేశాను. పక్క ఊరు ఇర్వింగ్‌కు సరుకులకు వెళ్తూ కారు అద్దాలెత్తి "వదినా, వెనక!" అని గొంతు చించుకున్నాను. పక్క లేన్‌లో ఒక పెద్దాయన నన్ను చూసి, కారు మెల్లగా దూరం జరుపుకున్నాడు.

శనివారం మళ్లీ అదే జరిగింది. ఒకమ్మాయి వదిన వెనక్కి జారుకుంది. కడుపులోంచి కేకేశాను. వదిన ముందు నా వైపు తిరిగింది. ఫంక్షన్లలో ఎంతటివాళ్లనైనా నోరు మూయించే చూపు అది. అయినా చెయ్యి చాపి మళ్లీ అరిచాను. వదిన పరుగెత్తింది. పడుతూ పడుతూ కాలి కొసతో బంతిని బయటికి నెట్టింది. మోకాలు దోక్కుపోయింది కానీ గోల్ పడలేదు. కోచ్ ఆఖరిదాకా నన్ను మధ్యలోనే ఉంచాడు.

తిరుగు ప్రయాణంలో వదినే డ్రైవ్ చేస్తోంది. సారీ చెప్పకూడదని పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర ఆగాక అడిగింది.

"పోయిన వారం కూడా చూశావా?"

"చూశాను వదినా."

"మరి చెప్పవేం? అందరూ నన్నే తప్పు పట్టారు." సిగ్నల్ పడగానే కారు కదిలిస్తూ అంది: "ఇకనుంచి ఇంకాస్త ముందే కేకెయ్యి. నా మోకాళ్లకి టైమ్ పడుద్ది."

హైవే ఎక్కాం. లేన్ మారబోతూ కుడి వైపు ఎవరైనా వస్తున్నారేమో చూడమంది. తల తిప్పి చూశాను. ఒక ట్రక్కు వేగంగా వస్తోంది.

"ఆగండి," అన్నాను గట్టిగా.

వదిన ఆగింది.