శఠగోపం తాతా, ఎలుక పళ్ళూ

మా శఠగోపం తాత దేన్నీ ఒకసారి చూసి తేల్చడు. "ఇంకోటి చూడాలబ్బా" అంటాడు. తిరుపతి బజారులో మామిడిముక్క రుచి చూడమంటే ఇంకో ముక్క అడుగుతాడు. మూడో ముక్కకు అంగడివాడు తట్ట మీద గోనె కప్పేస్తాడు. ఉప్పు సరిపోయిందా అని అవ్వ అడిగితే, తాత తేల్చేలోపల పులుసుగిన్నె అడుగు కనబడుతుంది.

తప్పు ఆయనది కాదు, పనిది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఆదిమానవుల గుహల్లో తవ్వితీసిన మట్టిలోని ఎలుకల, చుంచుల పళ్ళు చూసి అవి ఏ జాతివో చెప్పే పని పట్టుకున్నాడు. ఆవగింజంత పళ్ళు! నొసట తిరునామం, కంటికి భూతద్దం. వాటిని ముట్టుకున్నాక తలస్నానం చేస్తేగానీ అవ్వ వంటింట్లోకి రానీదు.

"నీ ఎలకల పుణ్యాన దినానికి నాలుగు స్నానాలు. కొండమీది సామికి కూడా అన్ని లేవు!"

మట్టిని జల్లెడలో కడిగేది సుబ్బన్న. పదోతరగతి రెండుసార్లు తప్పిన నేను, అంటే లోహిత, దాన్ని తట్టల్లో పోసి మేడమీద ఆరబెడతాను. మా అందరిమీదా తవ్వకాలు జరిపించే జెస్సీ మేడం.

ఒకరోజు గుహ అడుగుపొర మట్టిలో తెల్లటి పన్నొకటి కనబడింది. మిగతావన్నీ బెల్లంరంగు. మేడం మండిపడింది.

"ఇది నిన్నమొన్నటి ఇంటి ఎలుక సార్! సుబ్బన్న జల్లెడ సరిగ్గా కడగలేదు. మాన్పించేస్తా."

"నా జల్లెడ అద్దం మాదిరి ఉంటాది మేడం! సామీ, మీరన్నా చెప్పండి."

"ఒక్క పన్నుతో చెప్పలేనమ్మా. ఇంకోటి చూడాల. నాలుగు దినాలు ఆగు."

ఆ నాలుగు దినాలూ తాత ఆ మట్టితట్ట వదల్లేదు. రోజూ సుబ్బన్న వచ్చి గుమ్మంలో ముఖం వేలాడేసుకుని నిలబడేవాడు.

"తేలిందా సామీ?"

"ఇంకోటి చూడాల."

నాలుగో మధ్యాహ్నం నాకు అన్నం దిగలేదు.

"తాతా, పోయిన వారం పిల్లి దూకి తట్ట బోర్లాపడింది. నేను చీపురుతో ఊడ్చి ఎత్తినాను. మేడమీది చెత్త కూడా వచ్చింటాది."

తాత మేడం నంబరు కొట్టి ఫోను నా చేతిలో పెట్టాడు. మేడం నన్ను అరగంట తిట్టింది. ఆ తట్ట మట్టి పారేయమంది. తర్వాత సుబ్బన్నకు తనే ఫోన్ చేసి, తొందరపడ్డానని చెప్పి పనికి రమ్మంది.

మర్నాడు ఆ తట్ట లెక్క కొట్టేద్దామని తాత నోటుబుక్కు తెరిచాను. మొదటి దినం పేజీలోనే ఉంది: "కొత్త ఎలుక. పక్కన చీపురుపుల్ల. లోహిత పని. అదే వచ్చి చెప్తుంది."

"తాతా! నీకు ముందే తెలుసా?"

"తెలిసేదానికి ఒక్క పన్ను చాలు. నువ్వు చెప్పేదానికి నాలుగు దినాలు పట్టింది."

"మరి సుబ్బన్న పడిన బాధ?"

"నాకేం బాధ పాపా?" గుమ్మంలోంచి సుబ్బన్న. "నీ పని యాడికీ పోదని సామి ఆ సాయంత్రమే చెప్పినాడు. దినామూ ఏడుపుముఖం పెట్టేదే కష్టమైపోయింది. మూడోనాడు నవ్వొచ్చేస్తే దాచేదానికి దగ్గినా."

"నేను అన్నం మానుకున్నానే, మీ నాటకానికి!"

"ఒక్కపూట. సాయంత్రం ఆరు దోసెలు తిన్నావు" అన్నాడు తాత.

సుబ్బన్న ఈసారి దగ్గలేదు.