స్తెఫను బావ బాగుచేసిన మెట్లు

మా స్తెఫను బావ బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. టింబర్‌మన్ అంటే భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. కొండను నెత్తిన పడకుండా ఆపినవాడు కాబట్టి ఇంట్లో కర్రపని ఏదున్నా తనే చేయాలంటాడు. ఆయన చేసిన పీట మీద ఏనుగు కూర్చోవచ్చు. మనిషి కూర్చోవాలంటే మాత్రం నిచ్చెన కావాలి.

మణుగూరు అవతల, అడవి అంచున ఆయన కొన్న పాత పెంకుటింట్లో మేడగదికి టేకు మెట్లున్నాయి. రెయిలింగ్ ఊగేది, పట్టుకుంటే చేతిలో పేళ్లు దిగేవి. మధ్యలో ఒక మెట్టయితే కాలు పెట్టగానే కిర్రుమని అరిచేది. ఒకసారి పులి మేడెక్కబోయి ఆ మెట్టు తొక్కి, ఇంట్లో తనకంటే పెద్దదేదో ఉందనుకుని తిరిగి వెళ్లిపోయింది. నేను చూడలేదు గానీ, చెప్పేది నేనే కాబట్టి నమ్ముతాను.

నెలనెలా చర్చివాళ్ల ప్రార్థన కూటం ఆ మేడగదిలోనే జరిగేది. బావ భార్య, అంటే మా చెల్లెలు విశ్రాంతమ్మ, ఆ రోజు రాణిలా తిరిగేది. కిందటి కూటంలో ఏంజెల్ అనే అమ్మాయి దిగుతూ రెయిలింగ్ పట్టుకుంటే ఓ కర్రముక్క ఊడి చేతికొచ్చింది. ఏంజెల్ ఈ మధ్యే గ్రానైటు మెట్లతో కొత్త ఇల్లు కట్టుకుంది.

"పిన్నీ, మీ మెట్లెక్కాల్నంటే భయమైతాంది. ఇగ కూటం మా ఇంట్ల పెట్టుకుందం" అంది, ఆ ముక్కను అందరికీ చూపిస్తూ.

"వచ్చే కూటం నాటికి మెట్లు మంచిగైతయ్. కాకుంటే నువ్వే పెట్టుకో, మళ్ల అడగను" అంది విశ్రాంతమ్మ పౌరుషంగా. ఇంటికొచ్చినవాళ్లు వెళ్లాక మొగుడివైపు తిరిగి, "వడ్రంగిని పిలుస్తవా, లేదా?" అంది.

"వడ్రంగెందుకే? కొండనే ఆపిన. ఈ మెట్లొక లెక్కనా?" అన్నాడు బావ.

పని మొదలైంది. పాత రంగు గీకాడు, ఉప్పు కాగితంతో రుద్దాడు, పగుళ్లలో లప్పం పెట్టాడు. రెయిలింగ్‌ను ఎంత గట్టిగా బిగించాడంటే ఇల్లు కదిలినా అది కదలదు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయనలోని టింబర్‌మన్ నిద్రలేచాడు. మెట్ల కింద ఒక దుంగ నిలబెట్టాడు. దాని పక్కన ఇంకోటి. అవి జరగకుండా అటూ ఇటూ అడ్డచెక్కలు కొట్టాడు. రెండు రోజుల్లో అక్కడ అడవి మొలిచింది.

"ఏందయ్యా ఇది! బియ్యం డబ్బా ఆ లోపల్నే ఉంది. నేనెట్ల పోవాలె?" అని అరిచింది విశ్రాంతమ్మ.

"వంగి పో. బాయిల మేం గట్లనే పోయేటోళ్లం."

వంగి వెళ్లి బియ్యం తెచ్చి, చీరకంటిన దుమ్ము దులుపుకుంటూ అడిగింది. "ఇన్ని జేసినవు, ఆ అరిచే మెట్టును మాత్రం ఎందుకు ఇడిచిపెట్టినవ్?"

"దాన్ని ముట్ట" అన్నాడు బావ ఖరాఖండిగా. "బాయిల కప్పు దిగేముందు దుంగ కిర్రుమంటది. గా సప్పుడు ఇనే మేం బయటికురికినం, బతికినం. అరిచే చెక్క నోరు నేను మూయ."

"ఇది బాయి కాదు, ఇల్లు!"

"ఇంటికి మాత్రం కప్పు లేదా?"

మా చెల్లెలు బియ్యం చేటలో పోసుకుని వంటింట్లోకి నడిచింది.

ఇక వార్నీష్. అన్ని మెట్లకూ ఒకేసారి వేస్తే ఎక్కడానికి దారుండదని, మెట్టు విడిచి మెట్టుకు వేశాడు. తెలివైన పనే. కానీ ముసురు పట్టింది. కూటం నాటికి కూడా వార్నీష్ జిగటగానే ఉంది. అరిచే మెట్టుకూ పైపూత మాత్రం పడింది, అది కూడా ఆ జిగట మెట్లలోదే. బావ కింద నిలబడి, చెప్పులు విడిచి వచ్చినవాళ్లందరికీ ఏ మెట్టు తొక్కాలో, ఏది దాటాలో చెప్పి ఎక్కించాడు. ముసలివాళ్లు పంచెలు ఎగగట్టి వాగు దాటినట్టు దాటారు. ఏంజెల్ రెయిలింగ్‌ను పట్టి పట్టి ఊపింది. అది కదలలేదు. విశ్రాంతమ్మ మొహం వెలిగిపోయింది.

పాస్టరు జస్టిన్ గారు ఆలస్యమవుతుందని కబురు పెట్టడంతో, బావ కూడా పైకొచ్చేశాడు, ఆయన లేకుండానే ప్రార్థన మొదలుపెట్టి అందరూ కళ్లు మూసుకున్నారు. నేను తప్ప. కళ్లు మూసుకోమన్నప్పుడు ఒక్క కన్ను తెరిచి చూడటం కాన్వెంటులో సిస్టర్ల దగ్గరే నేర్చుకున్నాను. అందుకే మెట్లు కనిపించేలా గుమ్మం దగ్గర కూర్చున్నాను.

పాస్టరు గారు వచ్చారు. నిండైన మనిషి. ఏ మెట్టు తొక్కాలో ఆయనకు చెప్పేవాళ్లు కింద ఎవరూ లేరు. సరిగ్గా ఆ అరిచే మెట్టు మీదే కాలు పెట్టారు. కిర్ర్‌మంది. కాలు అంటుకుపోయింది. పీక్కోబోతే మళ్లీ కిర్ర్, కిర్ర్, కిర్ర్.

గదిలో సగంమంది మగవాళ్లు బాయిలో పనిచేసి రిటైరైనవాళ్లే. ఒక్కసారిగా లేచారు.

"కప్పు దిగుతాంది! ఉరుకుండ్రి!" అని అరిచింది మా బావే.

ఆ ఉరుకుడులో ఏ మెట్టు తొక్కాలో ఎవరికి గుర్తుంటుంది? పాస్టరు గారు ఎక్కుతూ మొదలుపెట్టి దిగుతూ తేలారు. గోడ మీది బల్లి మా అందరికంటే ముందే వాకిట్లో ఉంది. అందరం దిగాక చివరికి స్తెఫను బావ వచ్చాడు, మా చెల్లెల్ని బియ్యం బస్తాలా భుజాన వేసుకుని. ఆమె ఆయన వీపు మీద గుద్దుతూనే ఉంది.

"దించయ్యా! అందరు జూస్తాండ్రు!"

వాకిట్లో వానలో నిలబడి అందరం పైకి చూశాం. కప్పు ఎక్కడిదక్కడే ఉంది. పాస్టరు గారు అరికాలు చూసుకుంటూ, "కప్పుకేం కాలేదు. అరిసింది మెట్టు. నేనే తొక్కిన" అన్నారు.

విశ్రాంతమ్మ ఏంజెల్ వైపు చూడలేక తల దించుకుంది. "అయిపాయె. ఇగ కూటం మీ ఇంట్లనే పెట్టుకో, బిడ్డా" అంది.

ఏంజెల్ లోపలికెళ్లి మెట్లు చూసి వచ్చింది. "వద్దు పిన్నీ. గింతమంది మీదపడి ఉరికినా మెట్లు ఇసుమంత ఊగలే. మా గ్రానైటు మీద గిట్ల ఉరికితే జారి అందరం దవాఖానల ఉందుము."

పాస్టరు గారు ఆమెన్ అన్నారు. కూటం మేడ మీదే కొనసాగింది. కాకపోతే ముందు టర్పెంటుతో కాళ్లు కడిగే కార్యక్రమం జరిగింది.

జిగట వార్నీష్ మీద పడ్డ అడుగుల గుర్తులు అలాగే ఆరిపోయాయి. బావ మళ్లీ రుద్దుతానంటే విశ్రాంతమ్మ ఒప్పుకోలేదు. సంఘంలో అందరి పాదాలూ ఆ మెట్ల మీద ఉన్నాయి, ఆమెవి తప్ప. ఇద్దరి బరువు మోసిన ఒక జత మాత్రం మిగతావాటికంటే లోతుగా ఉంటుంది. వచ్చినవాళ్లకు అదే ముందు చూపిస్తుంది.

అరిచే మెట్టు సంగతీ ఇప్పుడు ఆమె ఎత్తదు. బావ మధ్యాహ్నం మేడ మీద పడుకుంటే ఎంత పిలిచినా అన్నానికి లేచేవాడు కాదు. ఇప్పుడు పిలవడం మానేసింది. కంచం పెట్టి, వెళ్లి ఆ మెట్టు ఒక్కసారి తొక్కుతుంది. కూర వడ్డించేలోపు ఆయన వాకిట్లో ఉంటాడు.