మొదటి తాంబూలం ఎవరింటికి?

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో మా వీధి కమ్యూనిటీ హాలుకు స్థలమిచ్చింది మా తాతగారు. అక్కడ ఏ శుభకార్యం జరిగినా మొదటి తాంబూలం మా ఇంటికి పంపడం ఆనవాయితీ. ఇల్లు అమ్ముడుపోయి, మేం అదే వీధిలో అద్దెకు దిగాక కూడా పంపేవారు.

అమ్మాయి నిశ్చితార్థానికి హాలు కావాలని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా ఇంటిపన్ను రసీదు అడిగాడు.

"అద్దె ఇల్లు," అన్నాను.

"గట్లయితే మీరు బయటోళ్ల కిందికే వస్తరు సార్. డబల్ కిరాయి. కొత్త రూలు."

నా వెనక నిలబడ్డ పక్కింటి యాదగిరి ఊరుకోలేదు. "హాలు గోడకున్న పేరు రాయి సూడలేదా అన్నా? గా జాగ ఇచ్చింది ఈయన తాతనే!"

"సూసిన. రాయి పన్ను కడ్తదా?"

వరుసలో అందరూ నవ్వారు. రెట్టింపు కిరాయి కట్టి వచ్చేశాను.

నిశ్చితార్థం రోజు మా ఆవిడ ఆనవాయితీ తప్పకూడదని మొదటి తాంబూలం మా ఇంటికే పంపింది. వాకిట్లో కూర్చున్న ఇంటి ఓనరు తనకే అనుకుని అందుకున్నాడట. తిరిగి తెస్తానని మా ఆవిడ అంటే నేనే వద్దన్నాను. ఆఫీసు లెక్కలో ఆ వీధివాడు ఆయనే. నేను బయటివాణ్ణి.